దొడ్డి తలుపునకు గడియ అమర్చుట

పశువుల దొడ్డికి రాతిగోడ కట్టినను, ముళ్ళకంచె వేసినను, రాత్రివేళ దానికి అసలు కాపలా తలుపు గడియయే. గడియ ఊడిన రాత్రి పశువులు నేరుగా పచ్చని చేనికే పోవును. పొరుగువాని పైరు పాడగుట, దానిపై తగవులు వచ్చుట ఒక నష్టము. తన చేను మేయు పరుల పశువును పట్టి బందెలదొడ్డికి తోలు హక్కును 1871 నాటి చట్టమే సాగుదారునకు ఇచ్చినది. అంతకన్న పెద్ద నష్టము మరొకటి కలదు. లేత జొన్న, వానలు లేక వాడిన జొన్న, కోసిన మోళ్ళనుండి లేచిన పిలకలు - వీటిలో సైనైడు విషము పుట్టును. దీనినే నాము అందురు. ఆకలిగొన్న గొడ్డు దీనిని మేసినచో కొద్దిసేపటిలోనే పడిపోయి, పశువైద్యుడు వచ్చులోగా చనిపోవచ్చును. ఒక పాడిగేదె విలువ ముందు గడియకగు ఖర్చు ఏపాటిది?

గడియలు ఎందుకు ఊడును?

మన పల్లెలలో అనేక దొడ్డి తలుపులు బయటికి తెరచుకొనును. లోపలి పశువులు తలుపునకు ఒరుసుకొని, మెడతో, కొమ్ములతో నెట్టును. ఆ తోపుడంతయు గడియమీదనే పడును. నాలుగు దినములలో మేకులు కదలి, నెలలోగా గడియ ఊడును. గడియను ఎంత లావుగా చేయించినను ఇందువలన ప్రయోజనము తక్కువ.

కావున ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది ఇది: పశువు తోపుడు గడియపై కాక గుంజపై పడవలెను. ఇందుకు తలుపు లోనికి తెరచుకొనునట్లు బందులు బిగించి, గుంజ బయటి ముఖమునకు పైన ఒకటి, క్రింద ఒకటి ఆనుచెక్కలు కొట్టవలెను. తలుపు అంచు ఈ చెక్కలకు ఒక అంగుళము మేర ఆనవలెను. అప్పుడు పశువు ఎంత నెట్టినను తలుపు చెక్కలకు ఆని నిలుచును. తలుపు లోనికి తిరుగకుండ ఆపుట మాత్రమే గడియ పని. తలుపు తిరుగు మేర లోపల పేడకుప్పలుగాని, గాటికట్టెలుగాని లేకుండ చూచుకొనుడు.

ముందు తలుపును సరిచేయుడు

వ్రాలిన తలుపునకు క్రొత్త గడియ పెట్టుట వృథా. బందులు ఉన్న గుంజను కదలించి చూడుడు. నేలపై 5 అడుగులు ఉండు గుంజ నేలలో 2½ అడుగులకు తక్కువ కాకుండ పాతవలెను. వదులైనచో చుట్టును రాళ్ళు, మట్టి పోసి దిమ్మిసతో గట్టిపరచుడు. తలుపునకు ఏటవాలు చెక్క లేనిచో ఒకటి వేయుడు. అది బందులవైపు క్రింది మూలనుండి గడియవైపు పై మూలకు పోవలెను. తిరుగవేసినచో చెక్క బరువు మోయదు.

అమర్చు విధానము

ఇనుప సామాను అంగడిలో ఆల్‌డ్రాప్ అని అడిగినచో దొరకు గడియ దొడ్డికి అనుకూలము. కడ్డీ అర అంగుళము లావు, 10 లేక 12 అంగుళముల పొడవు ఉండవలెను. కమ్మరిచేత చేయించుకొనినను మంచిదే.

1. గడియను తలుపు బయటి ముఖమున, నేలనుండి 3 లేక 3½ అడుగుల ఎత్తున, ఆనుచెక్కలకు నడుమ పెట్టవలెను. లోపలివైపు పెట్టినచో గేదెలు నాలుకతోను, కొమ్ముతోను తీయుట నేర్చుకొనును.

2. తలుపునకు, గుంజకు నడుమ అర అంగుళము సందు ఉంచుడు. వానలలో చెక్క ఉబ్బినను తలుపు పట్టివేయదు. తలుపు మూసి, సందులో అర అంగుళపు చెక్కముక్క పెట్టి కదలకుండ చేయుడు.

3. గడియను ఆనించి రంధ్రముల చోట్లు బొగ్గుతో గుర్తించి, బరమాతో తొలువుడు.

4. గడియ పట్టీలను మేకులతో కొట్టక, చెక్క ఆవలివరకు పోవు బోల్టులతో, వాషర్లు వేసి బిగింపుడు. లోపలికి పొడుచుకొని వచ్చిన బోల్టు కొనలను కోసి, ఆకురాయితో నునుపు చేయుడు. లేనిచో పశువుల చర్మము గీరుకొనును.

5. కడ్డీని గుంజవైపు జరిపి, అది తగులు చోట కొండి బిగింపుడు. కడ్డీ కొండిని దాటి ఒక అంగుళమైనను పోవలెను. కొండి కన్ను కడ్డీకన్న పావు అంగుళము ఎత్తుగా ఉన్నచో, తలుపు కొంచెము వ్రాలినను గడియ పడును.

6. పిడిని మడచి, తాళపు కొండిలో గొలుసుతో కట్టిన ఇనుప చీల వేయుడు. తాళము వేయువారు తాళపుచెవిని ఇంటిల్లిపాదికి తెలిసిన చోట ఉంచవలెను. నిప్పు అంటుకొనిన రాత్రి చెవికై వెదకు వ్యవధి ఉండదు.

పని ముగిసిన పిదప

రాలిన మేకులు, తీగముక్కలు, ఇనుప రజను ఒక్కటి మిగులకుండ ఏరివేయుడు. పశువు మేతను నమలక మ్రింగును. మేతతో పోయిన మేకు కడుపులోని రెండవ అరలో చేరి, గుండెవైపు గ్రుచ్చుకొని ప్రాణము తీయగలదు.

తరువాత తలుపును లోపలినుండి భుజముతో గట్టిగా నెట్టి చూడుడు. ఆనుచెక్కలు మూలిగినను గడియ కదలరాదు. కదలినచో తలుపు చెక్కలకు సరిగా ఆనుటలేదని తెలిసికొని, ముందు దానిని సవరింపుడు.

తొలకరికి ముందొకసారి, సంక్రాంతి తరువాత ఒకసారి నట్లు బిగించి, కడ్డీకి కందెన రాయుడు. చీకటిలో ఒక చేతితో తీయుటకు, వేయుటకు వీలైన గడియనే ఇంటివారందరు మరువక వేయుదురు. బిగుసుకొనిపోయిన గడియ ఎంత గట్టిదైనను, వేయనిది వేయనట్లే ఉండును.