దిక్సూచి తెలిపిన రహస్యము

పూర్వకాలమునుండి మానవునికి అయస్కాంతము తెలియును. అయస్కాంతపు సూదిని స్వేచ్ఛగా తిరుగనిచ్చినచో అది ఉత్తర దక్షిణములను చూపుచు నిలుచును. నావికులు దానిని నమ్మి సముద్రములు దాటిరి. విద్యుచ్ఛక్తి సంగతి వేరు. 1800వ సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా విద్యుద్ఘటమాలను వెల్లడించిన పిమ్మటనే తీగలలో ఎడతెగని విద్యుత్ప్రవాహమును పొందుట సాధ్యమయ్యెను.

ఈ రెండు శక్తులకును సంబంధము కలదా? లేదనియే పెక్కుమంది పండితులు తలచుచుండిరి. ఫ్రాన్సు దేశపు మహాశాస్త్రజ్ఞుడగు కూలుంబు అభిప్రాయమును అదియే. అట్టి పెద్దల మాటను కాదనుట సులభము కాదు. అయినను పిడుగుపడిన ఓడలలో దిక్సూచి ముల్లు ఒక్కొక్కప్పుడు తారుమారగుట నావికులు చూచియుండిరి.

హాన్స్ క్రిస్టియన్ ఆయిర్‌స్టెడ్ 1777వ సంవత్సరమున డెన్మార్కు దేశములోని లాంగెలాండు ద్వీపమున జన్మించెను. అతని తండ్రి ఔషధములు విక్రయించువాడు. బాల్యమున తండ్రి అంగడిలో పనిచేయుచు అతడు రసాయనశాస్త్రమునందు అభిరుచి పొందెను. పిదప కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ప్రకృతిలోని శక్తులన్నియు పరస్పర సంబంధము గలవని ఆయన విశ్వాసము. కాని విశ్వాసమునకు సాక్ష్యము కావలెను.

1820వ సంవత్సరపు వసంతకాలమున ఆయిర్‌స్టెడ్ ఉపన్యసించుచు, విద్యుత్ప్రవాహము గల సన్నని తీగను దిక్సూచిపై నుంచెను. సూది కొంచెము కదలెను. ఆ కదలిక మిక్కిలి స్వల్పమగుటచే సభలోనివారు దానిని గొప్పగా నెంచలేదు. ఆయిర్‌స్టెడ్ కూడ తొందరపడి ఏమియు ప్రకటింపలేదు. కొన్ని మాసముల పిమ్మట ఇంకను బలమైన ఘటమాలను సమకూర్చుకొని పరీక్షలను మరల ప్రారంభించెను.

తీగను సూదికి పైన, దానికి సమాంతరముగ నుంచగా సూది ఒక ప్రక్కకు తిరిగెను. తీగను సూదిక్రిందికి మార్చగా రెండవ ప్రక్కకు తిరిగెను. ప్రవాహదిశను మార్చినను అట్లే దిక్కు మారెను. నడుమ గాజుపలక, కొయ్యపలక అడ్డము పెట్టినను ఫలితము ఆగలేదు. ఇత్తడిసూది మాత్రము చలింపలేదు. కావున ఇది అయస్కాంతముపై పనిచేయు శక్తియే యని తేలెను. అంతకన్న వింత మరియొకటి కలదు. అంతవరకు తెలిసిన ఆకర్షణ వికర్షణలు సరళరేఖలో పనిచేయునవి. ఈ శక్తి తీగచుట్టును వలయాకారముగ వ్యాపించియుండెను. 1820 జూలై 21వ తేదీన ఆయన ఈ సంగతులను లాటిన్ భాషలో నాలుగు పుటల చిన్న పత్రముగ ప్రకటించి ఐరోపా పండితులకు పంపెను.

ఆ సెప్టెంబరులోనే పారిస్ నగరమున అరాగో ఈ ప్రయోగమును చేసి చూపెను. అది చూచిన ఆంపియర్ కొలదిదినములలోనే పరిశోధనకు పూనుకొనెను. రెండు సమాంతర తీగలలో ప్రవాహములు ఒకే దిశగా పోయినచో అవి ఆకర్షించుకొనుననియు, ఎదురు దిశలలో పోయినచో వికర్షించుకొనుననియు కనుగొనెను. తీగను చుట్టగా చుట్టినచో, ఒక్కొక్క చుట్టు బలము తక్కిన చుట్ల బలముతో కూడును. అపుడు ఆ తీగచుట్ట దండాయస్కాంతమువలె ఉత్తర దక్షిణ ధ్రువములు గలదగును. 1825లో ఇంగ్లండు దేశీయుడగు స్టర్జియన్, గుఱ్ఱపు లాడమువలె వంచిన ఇనుపకడ్డీకి తీగను చుట్టి బలమైన విద్యుదయస్కాంతమును ప్రదర్శించెను.

ఈ ప్రయోగమును విద్యార్థులు స్వయముగ చేసి చూడవచ్చును. దిక్సూచిపై రాగితీగను ఉత్తర దక్షిణములుగ నుంచి, దాని కొనలను 1.5 వోల్టుల టార్చిలైటు బ్యాటరీకి క్షణకాలము మాత్రమే తాకింపవలెను. ఎక్కువసేపు ఉంచినచో తీగ వేడెక్కును. ఇంటి కరెంటును ఎన్నడును ఉపయోగింపరాదు. కుడిచేతి బొటనవ్రేలిని ప్రవాహదిశకు చాచి, తక్కిన వ్రేళ్లతో తీగను పట్టుకొన్నట్లు ఊహించినచో, ఆ వ్రేళ్లు చుట్టుకొనిన దిక్కే అయస్కాంత క్షేత్రపు దిక్కు. ఇనుపమేకుకు పూతగల రాగితీగను ఏబది చుట్లు చుట్టి ప్రవాహమును పంపినచో గుండుసూదులు అంటుకొనును. ప్రవాహ మాగినంతనే అవి చాలవరకు రాలిపోవును.

ఈ గుణమువల్లనే విద్యుద్ఘంట మ్రోగుచున్నది, పంకా తిరుగుచున్నది, రేవులలో ఇనుము నెత్తు యంత్రములు పనిచేయుచున్నవి. 1831లో ఫారడే దీనికి మారుగా, కదలు అయస్కాంతముచే తీగచుట్టలో విద్యుత్ప్రవాహమును పుట్టించెను. శ్రీశైలము జలవిద్యుత్కేంద్రములోని యంత్రములకు ఆ సూత్రమే మూలము.

ఆయిర్‌స్టెడ్ 1851లో మరణించెను. అయస్కాంత క్షేత్ర తీవ్రతను కొలుచు ఒక ప్రమాణమునకు ఆయన పేరిడిరి. నాడు ఉపన్యాసశాలలో సూది కదలుట అనేకులు చూచిరి. అది ఏల కదలెనో తెలియువరకు ఆయన విశ్రమింపలేదు. స్వల్పమని ఇతరులు విడిచిన దానిని మరల మరల పరీక్షించుటయే ఆయన గొప్పతనము.