పరిహాసమునందు వివేకము

నవ్వు బాలుర స్వభావము. నవ్వని బిడ్డను చూచి తల్లి కలత చెందును. కాని నవ్వులన్నియు ఒక జాతివి కావు. తాను పేర్చిన బొమ్మరిల్లు కూలినప్పుడు బిడ్డ నవ్వెడి నవ్వు వేరు. తోడిబిడ్డ పేర్చినదానిని తాను కూలద్రోసి నవ్వెడి నవ్వు వేరు. మొదటిదానిలో ఆశ్చర్యము కలదు. రెండవదానిలో, దిద్దువారు లేనియెడల, క్రౌర్యమునకు బీజము కలదు. ఈ భేదమును బిడ్డకు తెలియజెప్పుట పూర్వము వీధి అరుగుమీద, పెరటిలో, పెద్దల కన్నులయెదుట జరుగుచుండెడిది. నేడు ఆ పాఠము చాలవరకు అరచేతిలోని ఫోనులో జరుగుచున్నది. అచట పాఠము చెప్పువారెవరో తల్లిదండ్రులు పెక్కుసారులు ఎరుగరు.

అండమాను దీవులలో ఈ మార్పు మిక్కిలి వేగముగా వచ్చినది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయరునకు చేరువనే గరాచర్మ కలదు. 2011 జనాభా లెక్కలనుబట్టి ఈ దీవులలో బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత ఎక్కువమందికి మాతృభాష తెలుగే. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి సముద్రము దాటి వచ్చి స్థిరపడిన కుటుంబములు వీరిలో అనేకము. చాలకాలము ఇచట ఇంటర్నెట్టు ఉపగ్రహములపై ఆధారపడి, నెమ్మదిగాను, ఖరీదుగాను ఉండెను. ఒక చిన్న వీడియో తెరచుటకు సైతము ఓపిక కావలసియుండెను. చెన్నైనుండి సముద్రగర్భమున సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేయబడిన కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభింపబడినది. దానివలన విద్యకు, వైద్యమునకు, వర్తకమునకు మేలు కలిగినది. ఆ తీగ వెంటనే లోకములోని వినోదమంతయు ఇంటిలోనికి నడచివచ్చినది. అన్యప్రాంతముల తల్లిదండ్రులు అనేక సంవత్సరములలో క్రమముగా నేర్చిన జాగ్రత్తను ఇచటివారు కొలదికాలములోనే నేర్వవలసివచ్చినది.

వీడియోల స్వరూపము

పిల్లలు మక్కువతో చూచువానిలో గేములకు సంబంధించిన ప్రాంకు వీడియోలు ఒక తెగ. ఒకడు గేము ఆడుచు, తోడి ఆటగానిని ఏమార్చి, ఆ వింతను మాటలతో వర్ణించుచు చిత్రీకరించును. 2011లో పూర్తిరూపమున వెలువడిన మైన్‌క్రాఫ్టు అను గేమును ఉదాహరణముగా గైకొనవచ్చును. అందులో పిల్లలు దిమ్మలతో ఇండ్లు, కోటలు కట్టుకొందురు. ప్రాంకు చేయువాడు మిత్రుడు లేని సమయమున అతని ఇంటినిండ కోళ్లను నింపవచ్చును. గుమ్మము ముందు గోతిని త్రవ్వి కప్పవచ్చును. లేదా అతడు దినములతరబడి కట్టిన కోటను పేల్చివేయవచ్చును. మొదటిది కొంటెతనము. చివరిది ఒకరి శ్రమను నాశనము చేయుట. రెండింటికిని వీడియోలో పెట్టు పేరు ఒక్కటే, వినిపించు నవ్వు ఒక్కటే.

ఇందు తల్లిదండ్రులు గ్రహింపవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. గేము వేరు, గేముపై చేసిన వీడియో వేరు. అమెరికాలో 1994నుండియు, ఐరోపాలో 2003నుండియు గేములకు వయస్సునుబట్టి గుర్తులు వేయు సంస్థలు పనిచేయుచున్నవి. ఐరోపా పద్ధతిలో మైన్‌క్రాఫ్టునకు ఏడేండ్ల గుర్తు కలదు. ఆ గుర్తు గేములోని దృశ్యములకే చెల్లును. దానిని ఆడుచు ఒక అపరిచితుడు పలుకు బూతులకు, వెక్కిరింతలకు చెల్లదు. మన దేశమున 2021 నిబంధనలు ఇంటర్నెట్టులో ప్రదర్శించు చలనచిత్రములకును, ధారావాహికలకును 7, 13, 16 ఏండ్ల శ్రేణులను ఏర్పరచినవి. ఎవరికివారు తీసి ఎక్కించు వీడియోలకు అట్టి శ్రేణి లేదు. కావున గుర్తు చూచి నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. విషయమునే చూచి నిర్ణయింపవలెను.

యాదవబాలుర పరిహాసము

పరిహాసము ఎచట హద్దు దాటునో తెలుపుటకు మౌసలపర్వములోని కథకు మించినది లేదు. విశ్వామిత్రుడు, కణ్వుడు, నారదుడు ద్వారకకు వచ్చిరి. యాదవకుమారులు సాంబునకు స్త్రీవేషము వేసి, గర్భవతివలె ఋషులయెదుట నిలిపి, ఈమెకు ఏమి బిడ్డ కలుగునని అడిగిరి. మోసము గ్రహించిన ఋషులు వంశనాశకమగు ఇనుప రోకలి పుట్టునని శపించిరి. రోకలిని పొడిచేసి సముద్రమున కలిపినను శాపము తీరలేదు. చివరకు ప్రభాసతీర్థమున యాదవులు మద్యమత్తులై ఒకరినొకరు చంపుకొనిరి.

ఈ కథను శాపమహిమగా మాత్రమే చదివినచో సగము పాఠము మిగిలిపోవును. ఆ బాలురు చేసినదేమో విడదీసి చూడవలెను. వారు పరిహాసమునకు ఎన్నుకొన్నది గౌరవింపదగినవారిని. అడిగినది ప్రశ్నయే, కాని తెలిసికొనుటకు కాదు, అవమానించుటకు. వారు ఒంటరిగా చేయలేదు. ఒకరి నవ్వు ఒకరికి ధైర్యమిచ్చినది. నవ్వు ముగిసిన తరువాత చేసినదానిని వెనుకకు తీసికొనుటకు వీలులేకపోయినది. నేటి ప్రాంకు వీడియోలలో తగనివానిని పరిశీలించినచో ఈ నాలుగు లక్షణములును కనబడును.

దీనికి ప్రతిగా, బాలకృష్ణుడు వెన్న దొంగిలించిన కథను తెలుగు తల్లులు తరతరములుగా బిడ్డలకు చెప్పుచునే యున్నారు. గోపికలు యశోదతో మొరపెట్టుకొందురు. కాని ఆ మొరలోనే ముద్దు కలదు, మరల ఆ బాలుని చూడవలెనను ఆశ కలదు. అచట ఇరుపక్షములవారి హృదయములును దగ్గరైనవి. ఇచట ఒకరి హృదయము గాయపడినది. అల్లరి అంతయు దోషమని పెద్దలు ఎన్నడును చెప్పలేదు. ప్రేమను పెంచు అల్లరిని ముద్దుచేసిరి, అవమానించు అల్లరిని వారించిరి.

మన కాలపు నిదర్శనములు

2017 డిసెంబరు 28న అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రమునందలి విచిటా నగరమున ఒక ఘోరము జరిగినది. ఒక యుద్ధపు గేములో ఇరువురు ఆటగాండ్రకు ఒకటిన్నర డాలరు పందెముపై తగవు వచ్చెను. వారిలో ఒకడు మూడవవానిని పురికొల్పగా, ఆ మూడవవాడు ఒక ఇంట హత్య జరిగినదని పోలీసులకు దొంగవార్త నిచ్చెను. ఆ చిరునామాలో ఉన్నవాడు ఆ ఆటతో ఏ సంబంధమును లేని 28 ఏండ్ల యువకుడు. తలుపు తెరచి బయటకు వచ్చినవాడు పోలీసుల తుపాకికి బలియయ్యెను. దొంగవార్త నిచ్చినవానికి 2019లో ఇరువదేండ్ల శిక్ష పడినది. గేము ఆడువారి ఇంటికి పోలీసులను రప్పించి వినోదము చూచు దురాచారము అప్పటికే ఒక ప్రాంకుగా చెలామణి యగుచుండెను.

అదే సంవత్సరమున మేరీలాండ్ రాష్ట్రమున ఒక తండ్రియు, సవతితల్లియు తమ పిల్లలపైననే ప్రాంకులు చేసి వీడియోలుగా ప్రకటించుచుండిరి. కనబడకపోవు సిరాను నేలపై చల్లి, ఆ నేరమును బాలునిపై మోపి, వాడు ఏడ్చుచుండగా చిత్రీకరించిరి. చూచినవారు ఎందరో నవ్విరి. కొందరు మాత్రము అది పరిహాసము కాదని గుర్తించి ఎలుగెత్తిరి. న్యాయస్థానము వారిరువురికిని, పిల్లలను నిర్లక్ష్యపరచిన నేరమునకు, ఐదేండ్లు పర్యవేక్షణలో ఉండునట్లు శిక్ష విధించినది. 2019 జనవరిలో యూట్యూబు సంస్థ, ప్రాణాపాయ భ్రాంతి కలిగించునట్టివియు, పిల్లలకు తీవ్రమైన మనోవేదన కలిగించునట్టివియు అగు ప్రాంకులు తమ నియమములకు విరుద్ధములని స్పష్టపరచినది. నియమము కలదు. కాని వీడియోలు అపారము. గాలింపు ఎన్నడును సంపూర్ణము కాదు.

పరీక్షించు విధము

తల్లిదండ్రులు ఒక ఛానలునుండి రెండుమూడు వీడియోలను ఆసాంతము చూడవలెను. మొదటి నిమిషము ఆకర్షణకు ఉద్దేశింపబడినది; చేసినవాని మనస్సు చివరి నిమిషమున బయటపడును. చూచునప్పుడు ఈ ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఏమార్చబడినవాడు చివరకు నవ్వుచున్నాడా? అందరును నవ్వి అతడొక్కడే మౌనముగా ఉన్నచో ఆ వీడియో బిడ్డకు తగదు.

రెండవది: నిజము చెప్పి, చెడినదానిని తిరిగి బాగుచేసిరా? కోట కూల్చినవాడు తోడుండి మరల కట్టించినచో అందొక నీతి కలదు. కూల్చి పారిపోయినచో లేదు.

మూడవది: మాట ఎట్టిది? ఇతరులకు ఉద్వేగము కలిగింపక, సత్యమును, ప్రియమును, హితమును అగు మాట పలుకుటయే వాక్కునకు సంబంధించిన తపస్సని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది. బిడ్డ గేమును మరచినను అందు విన్న మాటను మరువడు. మరునాడే దానిని పాఠశాలలో పలుకును.

నాల్గవది: ఇంటిలో గాని, తరగతిలో గాని దీనిని అనుకరించినచో ఏమగును? మిత్రుని రహస్యపదము తెలిసికొని అతని ఖాతాలో దూరుట తెరపై వింతగా తోచును. నిజముగా చేసినచో అది నేరము.

ఐదవది: చూచుట మానుమన్నప్పుడు బిడ్డ ఎట్లుండును? విషయమును ఎడతెగక తలచుటవలన సంగము, సంగమువలన కామము, కామమువలన క్రోధము కలుగునని గీత తెలిపిన క్రమము ఫోను చేతినుండి తీసికొన్నప్పుడు ప్రతి ఇంటిలోను కనబడుచునే యున్నది.

గరాచర్మ వంటి చోట ఇంకొక చిక్కు కలదు. ఈ వీడియోలు పెక్కు హిందీలోను, ఇంగ్లీషులోను ఉండును. తల్లికి బజారు హిందీ తెలిసియుండవచ్చును. ఆటగాండ్ర వేగపు మాట అందదు. అట్టి తల్లి సిగ్గుపడనక్కరలేదు. బిడ్డనే ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వాడేమనుచున్నాడో తెలుగులో చెప్పుమని అడుగవలెను. ఇది మిక్కిలి మంచి పరీక్ష. తల్లికి చెప్పగల మాటయైనచో బిడ్డ ఉత్సాహముతో చెప్పును. చెప్పలేక తలవంచినచో, దాటవేసినచో, ఆ వీడియో తగనిదని బిడ్డయే తీర్పు చెప్పినట్లు. పైగా విన్న మాటను మాతృభాషలోనికి తెచ్చునప్పుడు దాని బరువు బిడ్డకే తెలియును.

వయస్సును, సాధనములును

పసిబిడ్డకు నటనకును, నిజమునకును భేదము తెలియదు. ఈ ప్రాంకులలో పెక్కు ముందుగా కూడబలుకుకొని నటించినవే యని పెద్దలకు తెలియును. బిడ్డ అది నిజముగా జరిగినదని నమ్మును. అందుచేత ఏడెనిమిదేండ్లలోపువారికి ఇట్టివి, మంచివైనను, ఒంటరిగా చూపరాదు. శిశువైద్యుల సంఘమగు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్సు సూచనలనుబట్టి రెండేండ్లలోపు శిశువులకు తెర చూపకుండుట మేలు. రెండునుండి ఐదేండ్లవారికి దినమునకు ఒక గంట మించరాదు. ఐదునుండి పదేండ్లవారికి రెండు గంటలకు తక్కువగా ఉండవలెను.

యూట్యూబులో పిల్లలకు ప్రత్యేకమైన యాపు కలదు. అందు వయస్సునుబట్టి మూడు తరగతులు. కొంచెము పెద్దవారికి తల్లిదండ్రుల పర్యవేక్షణలోని ఖాతా ఏర్పరచి, 9 ఏండ్లు పైబడినవారికి, 13 ఏండ్లు పైబడినవారికి తగిన శ్రేణిని ఎన్నుకొనవచ్చును. ఒకటి ముగియగానే మరియొకటి తనంత తాను మొదలగు ఏర్పాటును ఆపివేయవచ్చును. చూచినవాని పట్టికను వారమున కొకసారి బిడ్డతో కలసి చూడవచ్చును. ఇవి కంచెవంటివి. కంచె పశువును ఆపును గాని పైరును పెంచదు. పెంచవలసినది బిడ్డలోని వివేకము.

వలదనునప్పుడు కారణము చెప్పవలెను. కారణము లేని నిషేధము దొంగచాటును నేర్పును. ఒక వీడియోను తీసివేసినప్పుడు దాని స్థానమున మంచిదానిని చూపవలెను. గేములలో అద్భుతముగా కట్టడములు కట్టి చూపువారును కలరు. బిడ్డయే ఇట్టి పరిహాసమునకు గురియై మనస్సు నొచ్చినచో, నీ తప్పేమని అడుగక మొదట దగ్గరకు తీసికొనవలెను. బెదిరింపు గాని, ధనమోసము గాని జరిగినచో 1930 సంఖ్యకు, బిడ్డకు రక్షణ కావలసివచ్చినచో 1098 సంఖ్యకు ఫోను చేయవలెను.

కడపటి పరీక్ష తల్లిదండ్రులకే. పదిమందిలో బిడ్డ తడబాటును చెప్పి నవ్వించు తండ్రియు, ఇరుగువారి నడకను అనుకరించి నవ్వించు తల్లియు, ఫోనులోని ప్రాంకును తప్పుపట్టినచో బిడ్డ వినడు. ఇంటిలోని నవ్వు ఎవరినీ చిన్నబుచ్చనిదైనచో, తెరలోని నవ్వు ఎట్టిదో బిడ్డ తనంతనే పోల్చుకొనును. పెద్దలు ప్రక్కన లేని సమయమున వానికి తోడుండునది ఆ పోలికయే.