గొంగడి నేర్పిన పాఠము

డోర్నకల్లు రైలుబండ్ల యూరు. కాజీపేటనుండి విజయవాడకు పోవు ఇనుపదారి ఇచ్చట చీలి, ఒక శాఖ సింగరేణి బొగ్గుగనుల సీమకు పోవుచున్నది. పగలనక రేయనక బండ్ల కూతలు వినబడుచుండును. 1939లో ప్రతిష్ఠింపబడిన క్రైస్తవ దేవాలయము ఈ యూరికి అలంకారము. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోనిదైన యీ యూరు 2016నుండి మహబూబాబాదు జిల్లాలో చేరియున్నది.

ఇట్టి యూర కాపురముండియు, రైలెక్కక మోటారుసైకిలుపై హైదరాబాదు పోయి వచ్చుట నాకొక వేడుకగా నుండెడిది. మహబూబాబాదు, వరంగల్లు, జనగామ, భువనగిరి మీదుగా ఆ దారి రెండువందల కిలోమీటర్లకు పైబడియుండును. “ఈ వయసున మీకేల యీ శ్రమ?” అని ఇంటివారు అడిగినపుడెల్ల నేను నవ్వి యూరకుండెడివాడను. ఎండలో పోయితిని, దుమ్ములో పోయితిని. కాని చలియు వానయు గాలియు ఏకమైనపుడు ఏమగునో నేనెరుగను. దానిని నాకు నేర్పినవారు ఏ పాఠశాలయందును చదువని యిద్దరు వృద్ధులు. ఆ కథ చెప్పెదను, వినుడు.

2018వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన పెథాయ్ అను తుపాను నాటి తూర్పు గోదావరి జిల్లాలోని కాట్రేనికోన చెంత తీరమును దాటెను. తుపాను కోస్తాను తాకిన నేమి, దాని చలిగాలియు చిరుజల్లులును తెలంగాణము వరకు వచ్చినవి. అప్పుడు నేనొక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడను. పాఠశాల గ్రంథాలయమునకు పుస్తకములు కొనుటకై ముందునాడే హైదరాబాదు పోయియుంటిని. ఆ మధ్యాహ్నము రెండు పుస్తకముల కట్టలను ప్లాస్టిక్ పట్టాలో ముమ్మారు చుట్టి, త్రాటితో బిగించి, బండివెనుక కట్టుకొని బయలుదేరితిని. మరునాటి యుదయము ప్రార్థనవేళకు బడిలో నుండవలెనని నా పట్టుదల. ఒంటిపై నున్నది నూలు చొక్కాయు, దానిపై నొక పలుచని కోటును మాత్రమే. తలకు శిరస్త్రాణము కలదు గాని, వానకోటు లేదు. చేతులకు తొడుగులు లేవు. పుస్తకములకు కల్పించిన రక్షణ నా దేహమునకు కల్పించుకొనలేదు. చదువుకొన్నవాని తెలివి యొక్కొక్కప్పుడు ఇట్లుండును!

భువనగిరి కోటగుట్ట కనబడు వరకు జల్లు సన్నగా నుండెను. ఆలేరు దాటుసరికి చొక్కా పూర్తిగా తడిసెను. మొదట వణకు పుట్టెను. పండ్లు టకటక కొట్టుకొనసాగెను. “ఇంకను కొంతదూరమే గదా! వేగముగా పోయిన త్వరగా ఇల్లు చేరవచ్చును” అని తలంచి బండి వేగమును మరింత పెంచితిని. అదియే నేను చేసిన పెద్ద పొరపాటు.

జనగామ దాటిన కొంతసేపటికి వణకు తగ్గినట్లు తోచెను. చలి యలవాటైనదనుకొని సంతోషించితిని. ఇంతలో ముందు ఎద్దుబండి యొకటి కానవచ్చెను. బ్రేకు పట్టవలెనని మనసు చెప్పెను, వ్రేళ్లు వినలేదు. అవి నావి కానట్లు, కట్టెపుల్లలవలె బిగిసియుండెను. కాలిబ్రేకును గట్టిగా త్రొక్కితిని. వెనుకచక్రము తడినేలపై ప్రక్కకు జారెను. బండి రెండుమార్లు ఊగిసలాడి, ఎద్దుబండికి మూరెడు దూరమున నిలిచెను. బండి తోలువాడు కేకవైచెను. నేను మారు పలుకబోగా నాలుక తడబడెను.

దారిప్రక్కన తాటాకు పందిరిక్రింద చాయ దుకాణము నడుపు వృద్ధురాలొకతె యిదంతయు చూచినది. ఆమె మాటలను ఆమె పలికినట్లే వ్రాయుచున్నాను.

“సారూ, బండి పక్కకు పెట్టు. నీ పెదవులు నల్లబడ్డయి. మాట తొట్రువడుతున్నది.”

“లేదవ్వా, పోవలె. రేపు పొద్దున బడి ఉన్నది” అంటిని.

“ఒక్కపూట సారు రాకుంటె పిల్లలకు చదువు పోదు. సారే లేకుంట పోతె ఎట్ల? లోపలికి రా.”

ఆ మాటకు నాకు బదులు దోచలేదు. లోపల ఆమె భర్త కూర్చుండియుండెను. గొర్రెలను దొడ్డికి తోలి అప్పుడే వచ్చినవాడు. అంతసేపు వానలో తిరిగినను అతని మేను వెచ్చగనే యున్నది. కారణము అతడు కప్పుకొన్న నల్ల గొంగడి. “తడిబట్టలిప్పు సారూ. ముందు పెయ్యి ఆరాలె” అని చెప్పి, మూలనున్న మరియొక పొడి గొంగడిని తెచ్చి నాకు కప్పెను. వృద్ధురాలు బెల్లపు చాయ ఇచ్చెను. గ్లాసును పట్టుకొనుటకు నాకు చేతకాక పోవుటచే ఆమెయే పట్టి త్రాగించెను. అరగంటకు మరల వణకు పుట్టెను. “మంచిదే, పాణం తిరిగొస్తున్నది” అని యా వృద్ధుడు నవ్వెను. ఆ రాత్రి అచ్చటనే గడపితిని.

విద్యార్థులారా! ఆ వృద్ధులు అనుభవముచే ఎరిగిన దానికి శాస్త్రము చెప్పు కారణములేవో చూతము.

మన దేహపు లోపలి వేడిమి సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. అది 35 డిగ్రీలకు తగ్గినచో ప్రాణమునకు అపాయము మొదలగును. దీనిని వైద్యులు హైపోథెర్మియా అందురు. దేహము వేడిని కోల్పోవుటకు ఆనాడు మూడు దారులు తెరచుకొన్నవి.

మొదటిది నీరు. నీరు గాలికంటె ఇరువదిరెట్లకు మించి వేగముగా వేడిని ప్రసరింపజేయును. పొడిబట్ట దారముల నడుమ గాలి నిలిచి, వేడిని బయటికి పోనీయక కాపాడును. బట్ట తడిసినపుడు ఆ గాలియున్న చోటును నీరాక్రమించును. కావలికాయువాడే దొంగలతో కలిసినట్లు, అంతవరకు కాచిన బట్టయే వేడిని బయటికి పంపును.

రెండవది ఆవిరి. వేసవిలో మట్టికూజాలోని నీరేల చల్లబడును? కూజా పైభాగమున చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి వేడిని తీసికొనిపోవుటచే. ఒక గ్రాము నీరు మన చర్మముపైనుండి ఆవిరియగుటకు సుమారు 580 కాలరీల వేడి కావలయును. తడిచొక్కాతో గాలికెదురుగా పోవువాడు నడుచుచున్న మట్టికూజాయే!

మూడవది గాలి. మన చర్మము నంటియుండు పలుచని వెచ్చనిగాలి పొరను ఎదురుగాలి క్షణక్షణము తుడిచివేయును. గాలి 10 డిగ్రీల చలిగా నున్నపుడు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాని పొడిచర్మమునకే అది సుమారు 5 డిగ్రీల చలివలె తోచును. వేగము పెరిగినకొలది చలియు పెరుగును. త్వరగా ఇల్లు చేరుటకై నేను పెంచిన వేగమే నా దేహమును మరింత చల్లబరచినది.

చలి పెరిగినపుడు దేహము గుండెను, మెదడును కాపాడుకొనుటకై కాలుసేతులకు పోవు రక్తమును తగ్గించును. అందుచే ముందుగా వ్రేళ్లు మొద్దుబారును. వణకు అనునది కండరములు తమంత తాము కదలి వేడిని పుట్టించు ప్రయత్నము. దేహము వెచ్చబడకుండగనే వణకు ఆగిపోయినచో, చలి యలవాటైనదని కాదు, దేహము ఓడిపోవుచున్నదని యర్థము. నేను సంతోషించిన నిమిషమే నాకు మిక్కిలి గండమైన నిమిషము. మాట తడబడుట, ఆలోచన మందగించుట దాని తరువాతి గురుతులు. ఆలోచన మందగించినవాడు తన యపాయమును తానెరుగడు, ప్రక్కవారే గుర్తింపవలయును.

అట్టివానిని గాలి తగులని చోటికి చేర్చి, తడిబట్టలు తీసి, పొడి కంబళి కప్పవలెను. పూర్తిగా తెలివి యున్నచో వెచ్చని తీపి పానీయమును మెల్లగా త్రాగింపవలెను. కాలుసేతులను గట్టిగా రుద్దరాదు. సారాయి చలిని పోగొట్టునని కొందరందురు. అది అసత్యము. సారాయి చర్మమునకు రక్తమును రప్పించి, వేడిని బయటికి పంపి, మరింత కీడు చేయును. తెలివి తప్పుచున్నచో వెంటనే వైద్యుని కడకు చేర్పవలెను.

ఇక గొంగడి సంగతి. మన కురుమలు దక్కను గొర్రెల నల్లని ఉన్నితో దీనిని నేయుదురు. ఉన్నినూలు వంకరలు తిరిగియుండుటచే దాని సందులలో గాలి నిలుచును. ఉన్ని తన బరువులో సుమారు మూడవవంతు తేమను పీల్చికొనియు తడిసినట్లు తోపనీయదు. నూలుబట్ట తడిసిన వెంటనే వేడిని విడుచును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనమును నిలుపును. అందుచేతనే వానకాలమున గొర్రెలకాపరి కొప్పెర పెట్టుకొని నిశ్చింతగా నుండును. దూరప్రయాణము చేయువారు లోపల పొడిబట్ట, నడుమ ఉన్నిబట్ట, పైన నీరు చొరని వానకోటు ధరింపవలెనని నేడు నిపుణులు చెప్పుచున్నారు. నడుమ నుండవలసిన బట్ట రహస్యము మన కాపరులకు తరతరములుగా తెలిసినదే.

తడిదారి సంగతి కూడ కొంత చెప్పవలసియున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. ఆపదను చూచి బ్రేకు పట్టుటకు ఒక సెకను పట్టిన 17 మీటర్లు గడచిపోవును. వ్రేళ్లు మొద్దుబారి రెండు సెకన్లు పట్టిన 33 మీటర్లు గడచిపోవును. బ్రేకు పట్టిన తరువాత పొడినేలపై సుమారు 20 మీటర్లలో ఆగు బండికి తడినేలపై 35 మీటర్లు కావలసివచ్చును. వేగమును సగము చేసినచో ఈ బ్రేకు దూరము సగము గాక నాలుగవవంతగును. కావున వానలో వేగము తగ్గించుటకంటె మంచి బ్రేకు లేదు.

జల్లు మొదలైన తొలినిమిషములలో దారిపైనున్న నూనెయు దుమ్మును నీటితో కలసి నేలను నున్నగా చేయును. రంగు గీతలు, ఇనుపపలకలు, రైలుపట్టాలు మరింత జారును. మా డోర్నకల్లువంటి రైలు కూడలిలో ఈ సంగతి ప్రతివారును తెలియవలెను: తడిసిన పట్టాలను ఏటవాలుగా గాక నేరుగా, మెల్లగా, బ్రేకు త్రొక్కక దాటవలెను. టైరుపై నుండు గాళ్లు నీటిని ప్రక్కలకు త్రోసి రబ్బరును నేలకు ఆనించును. అవి అరిగిన టైరుతో వానలో పోవుట నూనెరాచిన బండపై నడచుట వంటిది.

శిరస్త్రాణమును గూర్చి యొక కథ కలదు. అరేబియా లారెన్సు అను పేర ప్రసిద్ధికెక్కిన ఆంగ్లేయుడు 1935 మే 13వ తేదీన ఇంగ్లండులో మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్లపైనున్న ఇద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలకు రక్షణ లేదు. ఆరుదినములకు మరణించెను. ఆయనకు చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు ఒకరు. ఆ మరణము ఆయన మనసును కలచివైచెను. తలదెబ్బలచే మరణించు మోటారుసైకిలు సైనికులను గూర్చి పరిశోధించి, శిరస్త్రాణము ప్రాణములను కాపాడునని 1941లో ఆయన ప్రకటించెను. ఒక మరణమునుండి పుట్టిన యా విచారణ ఎందరి ప్రాణములనో నిలిపినది. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము శిరస్త్రాణమును విధించినది. పదునెనిమిదేండ్లు నిండనివారు 50 సి.సి.కి మించిన ఇంజనుగల మోటారుసైకిలును నడపరాదని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది. మీరు ఈ పాఠమును చదివి బండి నడప తొందరపడకుడు. బండిపై పోవు మీ తండ్రికి, అన్నకు దీనిని చదివి వినిపింపుడు.

మరునాడు వాన వెలిసినది. వృద్ధులకు డబ్బు ఈయబోగా, “చాయ పైసలు చాలు సారూ” అని తక్కినది త్రోసివేసిరి. నేను బడికి చేరుసరికి మధ్యాహ్నమయ్యెను. పిల్లలు కట్టలు విప్పి చూచిరి. ఒక్క పుటయైనను తడియలేదు. “సార్, పుస్తకములు ఎంత భద్రముగా తెచ్చితిరి!” అని ఒక బాలిక సంతోషించెను. నేను తలవంచుకొంటిని. ఆ పుస్తకములను చదివి చెప్పువాడు దారిలోనే పోయియున్న, పొడిపుటలవలన ఫలమేమి?

బ్రతికియుండిన బలుసాకు తినవచ్చునని పెద్దలందురు. ఆలస్యముగా చేరినవాడు క్షమాపణ చెప్పుకొనవచ్చును. చేరనివానికి ఆ యవకాశము లేదు. ఆ సంవత్సరమే నేనొక నల్ల గొంగడిని కొంటిని. నేటికిని అది మా యింటి గోడమేకునకు, వానకోటు ప్రక్కన వ్రేలాడుచున్నది. ఆకాశము మబ్బుపట్టినపుడు దానిని చూచి, నేను బండి తాళపుచెవిని మేకునకే తగిలించి, స్టేషనువైపు నడచిపోవుదును.

ప్రశ్నలు

1. రచయిత పుస్తకములకు చేసిన రక్షణ యేది? తనకు చేసికొననిది యేది?
2. తడిసిన దేహము వేడిని కోల్పోవు మూడు దారులను వివరింపుడు.
3. వణకు ఆగిపోయినపుడు రచయిత యేల సంతోషించెను? అది యేల పొరపాటు?
4. చలిచే తడబడువానికి చేయవలసినవి, చేయరానివి యేవి?
5. “ఒక్కపూట సారు రాకుంటె పిల్లలకు చదువు పోదు.” ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరి?
6. మీ యూరిలో వానకు, చలికి పెద్దలు వాడు వస్తువులను గూర్చి తెలిసికొని పది వాక్యములు వ్రాయుడు.