గోండారు దాయాదుల పోరు

దాయాదుల పోరు అనగానే మనకు కురుక్షేత్రమో పల్నాటి సీమయో జ్ఞప్తికి వచ్చును. ఈ పాఠములో చెప్పబోవు పోరు ఏ నేలమీదను జరిగినది కాదు. అది జరిగిన గోండారు రాజ్యమునకు రాజధాని కలదు. రేవు పట్టణములు కలవు. ఏ రాజు ఏ యేట గద్దె నెక్కెనో, ఏ యేట మరణించెనో తెలుపు వంశావళియు కలదు. భూపటములో మాత్రము ఆ రాజ్యము లేదు. దానిని ఊహించి సృష్టించినవాడు జె. ఆర్. ఆర్. టోల్కిన్ అను ఆంగ్ల రచయిత.

టోల్కిన్ 1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటీను నగరమున జన్మించి, 1973లో ఇంగ్లండులో మరణించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చిరకాలము ఆచార్య పదవిలో నుండి ప్రాచీనాంగ్ల భాషను బోధించెను. మొదటి ప్రపంచ యుద్ధమున, 1916లో, ఫ్రాన్సు దేశమందలి సోమ్ యుద్ధభూమిలో నుండెను. కనుక యుద్ధమనగా నేమో ఆయన గ్రంథములలో చదివి మాత్రమే తెలిసికొన్నవాడు కాడు. ఆయన రచించిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. కథ ముగిసిన పిదప కడపటి సంపుటమున కొన్ని అనుబంధములు కలవు. కథకై ఆతురపడువారు ఆ పుటలను తరచుగా దాటవేయుదురు. అట్లు దాటవేయదగినవి కావు. గోండారు రాజుల చరిత్ర యచ్చటనే యున్నది. ఇక మీదట గోండారు కథలో వచ్చు సంవత్సరములు మన శకమునకు చెందినవి కావనియు, ఆ కథలోని మూడవ యుగమునకు చెందినవనియు గుర్తుంచుకొనవలెను.

గోండారు ప్రభువులు సముద్రమున మునిగిపోయిన ఒక మహాద్వీపమునుండి తప్పించుకొని వచ్చినవారి సంతతి. వారు సామాన్య మానవులకంటె ఉన్నతకాయులు, దీర్ఘాయుష్కులు. రెండు వందల యేండ్లు దాటి బ్రదికిన రాజులు వారిలో పెక్కురు. ఆ యాయుర్దాయము తమ రక్తమునందే యున్నదని వారి విశ్వాసము. వారి రాజ్యమునకు ఉత్తరమున వేరొక జాతివారు నివసించుచుండిరి. వారు శూరులు, గోండారునకు మిత్రులు, వారిలో పలువురు గోండారు సైన్యమున కొలువు చేయుచుండిరి. అయినను గోండారు ప్రభువులకు వారనిన చిన్నచూపే.

1250లో రాజ్యభారము వహించుచుండిన మినల్కారు, తన కుమారుడగు వలకారును ఉత్తరదేశపు రాజునొద్దకు రాయబారిగా పంపెను. ఆ జాతి భాషను, ఆచారములను, రాజనీతిని కుమారుడు నేర్చుకొనవలెనని తండ్రి యభిప్రాయము. కుమారుడు తండ్రి తలచినదానికంటె ఎక్కువయే నేర్చెను. అతడు ఆ దేశమును, ఆ జనులను ప్రేమించెను. రాజపుత్రికయగు విడుమావిని వివాహమాడెను. వారికొక కుమారుడు కలిగెను. చిన్ననాట అతనికి వినితార్య అని తల్లి జాతివారి పేరు. గోండారులో ఎల్డకారు అను పేరు స్థిరపడెను.

వలకారు రాజై వృద్ధుడగునాటికి దక్షిణ మండలములలో తిరుగుబాటు తలయెత్తెను. రాణి సౌందర్యవతి, సుగుణవతి. ఆమె నడవడియందు ఎవరును తప్పు పట్టలేదు. అన్యజాతి స్త్రీ యగుటయే ఆమె దోషము! ఆమె తన జాతివారివలెనే ముందుగా మరణించెను. తల్లి యల్పాయుష్కురాలు గనుక కుమారుడును అట్లే యగుననియు, రాజవంశపు మహిమ అంతటితో అంతరించుననియు ప్రభువులు చెప్పసాగిరి. చిత్రమేమన, ఆ కుమారుడు వారి కన్నులయెదుటనే తిరుగుచుండెను. 1432లో తండ్రి మరణింపగా అతడు సింహాసన మెక్కునాటికి అతనికి 170 ఏండ్లు పైబడెను. తండ్రికంటె త్వరగా ముదిమి వచ్చుచున్న జాడ అతనియందు లేనేలేదు. ఎదుట నున్నదానిని చూడనొల్లని వారికి సాక్ష్యమేమి చేయగలదు?

తిరుగుబాటుదారులలో ముఖ్యుడు కాస్టమీరు. ఇతడు వలకారు పినతండ్రికి మనుమడు. అనగా ఎల్డకారునకు సాక్షాత్తు దాయాది. నౌకాసైన్యమునకు అధిపతి యగుటచే రేవు పట్టణములన్నియు ఇతని పక్షముననే యుండెను. ఎల్డకారు లొంగలేదు. తుదకు మహానదికి ఇరుగట్లయందు వెలసిన ఆస్గిలియతు రాజధానిలో ముట్టడింపబడెను. చాలకాలము నగరమును నిలిపెను గాని, ఆకలియు శత్రుబలమును అతనిని వెడలగొట్టెను. 1437లో అగ్నిజ్వాలలలో నున్న రాజధానిని విడిచి అతడు ఉత్తరమునకు, తల్లి పుట్టింటివారి దేశమునకు పోయెను. అతని కుమారుడు ఓర్నెండిలు శత్రువులకు చిక్కెను. కాస్టమీరు ఆ బందీని చంపించెను. యుద్ధమునకు అవసరమైనంతకు మించి నగరమున వధలు జరిగెను.

రక్తశుద్ధి పేర గద్దె నెక్కినవాడు ఏ రీతి నేలెను? అతడు గర్విష్ఠి, లోభి, క్రూరుడు. నేలను దున్నువారిపై అతనికి శ్రద్ధ లేదు, ఓడలే లోకము. రాజధానిని సముద్రముచెంతనున్న పెలార్గిరు రేవునకు తరలింపవలెనని యత్నించెను. ఒకనాడు ఎల్డకారును నిరసించినవారే ఇతనిని ద్వేషింపసాగిరి. పదియేండ్లు గడచెను. 1447లో ఎల్డకారు ఉత్తరసేనతో దండెత్తి రాగా, దారిపొడుగునను గోండారు ప్రజలు వచ్చి చేరిరి. ఎరూయి నది రేవులయొద్ద ఘోరసంగ్రామము జరిగెను. ఎల్డకారు ద్వంద్వయుద్ధమున కాస్టమీరును స్వయముగా చంపి కుమారుని పగ తీర్చుకొనెను. కాని ఆ రణభూమిలో రెండు పక్షములయందును గోండారు ఉత్తమ వంశములవారు పెక్కురు నేలకూలిరి.

పోరు అంతటితో తీరలేదు. కాస్టమీరు కుమారులు పెలార్గిరున తలదాచుకొని, మరుసటి యేట ఓడలన్నిటితో ఉంబారు రేవునకు పారిపోయిరి. ఎల్డకారునకు ఓడలు లేకపోయెను. ఉంబారు ఓడదొంగల నెలవై తరతరములు గోండారు తీరమును పీడించెను. 1634లో కాస్టమీరు మునిమనుమలు పెలార్గిరుపై బడి అప్పటి రాజును చంపిరి.

ఇక ఆ యాయుర్దాయపు సంగతి. ఎల్డకారు తన 235వ యేట మరణించెను. ప్రభువులు భయపడినట్లు రక్తము కలియుటవలన వంశక్షీణత త్వరపడలేదని టోల్కిన్ స్పష్టముగా వ్రాసెను. అది అంతకు పూర్వము ఎట్లు మెల్లమెల్లగా సాగుచుండెనో అట్లే సాగెను. ఏ భయమున రాజధానిని తగులబెట్టిరో ఆ భయమునకు ఆధారమే లేకుండెను.

ఈ రక్తశుద్ధి వాదము టోల్కినునకు కథలోని మాట మాత్రమే కాదు. గోండారు చరిత్ర అచ్చగుటకు 17 ఏండ్లు ముందు, 1938లో, ఆయన రచనయగు ‘ది హాబిట్’ను జర్మను భాషలో ప్రకటింపదలచిన ఒక సంస్థ, తాము ఆర్యసంతతివారేనా యని ఆయనకు జాబు వ్రాసెను. అది జర్మనీని నాజీలు ఏలుచుండిన కాలము. టోల్కినునకు ఆగ్రహము కలిగెను. ఆయన సిద్ధపరచిన ప్రత్యుత్తరములలో ఒకటి నేటికిని నిలిచియున్నది. ఆర్యశబ్దము ఇండో-ఇరానీయులకు చెల్లునని, తన పూర్వులెవరును హిందుస్థానీ గాని పారసీకము గాని మాటాడిన వారని తానెరుగనని, ఆయన భాషాశాస్త్రజ్ఞుని రీతిని అందు బదులు చెప్పెను. మీరడుగునది యూదులనుగూర్చి యైనచో, ప్రతిభావంతమగు ఆ జాతిలో తనకు పూర్వులు లేనందుకు విచారించుచున్నానని తెలిపెను.

గోండారులో మిగిలిన కథ స్వల్పము. దాయాదుల పోరు పిమ్మట రాజులు తమ జ్ఞాతులను అనుమానింపసాగిరి. అనుమానమునకు పాత్రులైనవారు కొందరు ఉంబారునకు పారిపోయిరి; కొందరు రాజవంశీయుల మనుటయే మాని ఇతర జాతుల కన్యలను పెండ్లాడిరి. 1944లో రాజును, అతని కుమారులిద్దరును యుద్ధమున మడిసిరి. ఉత్తరాన అన్నగారి శాఖ రాజ్యమున యువరాజుగా నుండిన ఆర్వెడుయి, మృతుడైన రాజు కుమార్తె ఫీరియెలుకు భర్త. ఆమె హక్కును కూడ చూపి అతడు గోండారు కిరీటమును కోరెను. పూర్వము ద్వీపమున జ్యేష్ఠసంతానమైనచో కుమార్తెయు రాజ్యార్హురాలేనని అతని వాదము. సభవారు దానికి బదులు చెప్పలేదు. కిరీటము మాత్రము ఈయలేదు. విజయము సాధించిన సేనాని యొకడు రాజయ్యెను. అతని కుమారుడు 2050లో శత్రువు పిలుపునందుకొని పోయి తిరిగిరాలేదు. అప్పుడు గద్దెకై వెదకగా, శుద్ధరక్తుడని అందరును అంగీకరింపగలవాడు ఒక్కడును దొరకలేదు! పాత పోరు తలచుకొని ప్రజలు గడగడలాడిరి. అమాత్యులే రాజ్యము నేలిరి. సింహాసనము శూన్యముగా నుండెను. దాని దిగువ మెట్టుపై నగిషీలేని నల్లరాతి పీఠమున అమాత్యుడు కూర్చుండెడివాడు. అట్లు 969 ఏండ్లు గడచెను. 3019లో ఆ సింహాసనమునకు వచ్చిన రాజు పేరు ఆరగార్ను. అతడు ఆర్వెడుయి, ఫీరియెలుల వంశమువాడు.