గాలపు కర్రకు తగిన దారము
(తీరగ్రామ పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

తీరగ్రామములందలి పంచాయతీ సభ్యుని యొద్దకు రాని ప్రశ్న యుండదు. బావి పూడిక మొదలు బడి కప్పు వరకు ఏ సంగతి వచ్చినను గ్రామస్థులు ముందుగా సభ్యునే అడుగుదురు. చేపల వేటయు అట్టిదే. 1992వ సంవత్సరమున చేయబడిన 73వ సవరణ వలన మన రాజ్యాంగమున పదునొకండవ షెడ్యూలు చేరినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు అందు పేర్కొనబడినవి. వానిలో అయిదవది మత్స్య పరిశ్రమ. కావున ఈ పరిశ్రమలోని పెద్ద పనులనే గాక చిన్న పనులను గూర్చియు సభ్యులకు కొంత తెలిసియుండుట మేలు. సముద్రపు ఒడ్డున నిలిచి కొత్తగా గాలము వేయ నేర్చుకొనువానికి ఎట్టి దారము తగునను సంగతిని ఈ పాఠమున ముచ్చటింతము.

పడవయు వలయు లేనివాడు సైతము చేయగల వేట ఇది. పది పండ్రెండు అడుగుల కర్ర, దారము చుట్టుకొను రీలు, సీసపు గుండు, గాలము, ఎర – ఇవియే సాధనములు. అలలు విరుగుచోటికి ఆవలనో, రెండు అలల వరుసల నడుమ కాలువవలె లోతుగా నుండు చోటనో ఎర పడినచో జెల్ల, పార, పండుగప్ప మొదలగు చేపలు తగులును. కర్రయు రీలును జాగ్రత్తగా వాడుకొన్నచో పెక్కేండ్లు మన్నును. తెగునది దారమే. చేపను పోగొట్టునదియు, ఒక్కొక్కప్పుడు మనుష్యుని గాయపరచునదియు దారమే. అయినను కొత్తవాడు కర్రను పదిమార్లు త్రిప్పి చూచి కొనును; దారమును మాత్రము అంగడివాడు ఏది యిచ్చిన దానినే తీసికొని వచ్చును.

మేము చూచిన సంగతి

కొంతకాలము క్రిందట పనిమీద మేమొక తీరగ్రామమునకు పోయియుంటిమి. సాయంకాలము ఒడ్డున ఇద్దరు యువకులు కొత్త కర్రలతో గాలములు వేయుచుండిరి. మొదటివాడు దారము ఎంత లావైన అంత మేలని తలచి, 0.70 మిల్లీమీటర్ల దారమును రీలునిండ చుట్టించినాడు. ఎంత బలముగా విసరినను గుండు మొదటి అలలోనే పడుచుండెను. అల దానిని మరల ఒడ్డునకే దొర్లించుచుండెను. రెండవవాని దారము మిక్కిలి సన్నము. గుండు దూరము పోవలెనని వాడు బలముకొలది కర్రను ఝాడించినాడు. దారము ఫట్టున తెగినది. గుండు ప్రక్కకు రివ్వున పోయి, పిల్లలు ఆడుకొనుచున్న చోటికి నాలుగు గజముల దూరమున ఇసుకలో గ్రుచ్చుకొనినది. మా గుండెలు ఝల్లుమన్నవి.

దాపున వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు లేచి వచ్చి, "ఒరే అబ్బాయిలూ! వాడిది ఏనుగును కట్టే తాడు, నీది పూలు గుచ్చే దారం. సంద్రంలో రెండూ పనికిరావు" అనెను.

"మరి ఏది కొనమంటావు తాతా?" అని రెండవవాడు అడిగినాడు.

"ఒకటి కాదురా నాయనా, రెండు కొనాలి. రీలులోకి సన్నదొకటి, గుండు దగ్గర లావుదొకటి" అని ఆయన జవాబు చెప్పెను.

ఈ పాఠమున మేము చెప్పదలచిన సారమంతయు ఆ వృద్ధుని మాటలో నున్నది. అది ఎందువలన నిజమో ఇక పరిశీలింతము.

దారములలో రకములు

పూర్వము మన మత్స్యకారులు నూలుతాడును, జనుపతాడును వాడెడివారు. అవి నీటిలో కుళ్ళకుండుటకై చెట్ల బెరడు కషాయమున నానబెట్టి ఆరవేసెడివారు. నైలాను 1938లో అమెరికాలో లోకమునకు ప్రకటింపబడినది. అది కుళ్ళదు, సన్నముగా నుండియు బలము కలిగియుండును. కావున క్రమముగా ప్రపంచమంతటను నూలుతాడు స్థానము నాక్రమించినది.

నేడు అంగడిలో గాలపు కర్రకై ముఖ్యముగా మూడు రకముల దారములు లభించును.

మొదటిది ఒంటిపోగు నైలాను దారము. ఇది వెల తక్కువ. లాగినచో కొంత సాగును. చేప ఒక్కసారిగా గుంజినను, అల ఊపినను ఆ సాగుడు కొంత దెబ్బను భరించును. చిక్కుపడినచో విడదీయవచ్చును. నీరు పీల్చుట వలన తడిసినపుడు దీని బలము నూటికి పది పదునైదు పాళ్లు తగ్గును. ఎండ దీనికి శత్రువు.

రెండవది అనేక సన్నని పోగులతో అల్లిన దారము. దీనినే అంగడివారు బ్రెయిడు అందురు. సమానమైన బలమునకు ఇది నైలానుకంటె ఎంతో సన్నము, దూరము పోవును. కాని సాగదు, వెల యెక్కువ, ఇసుకకును రాతికిని త్వరగా ఒరసికొనిపోవును, వ్రేలిని కత్తివలె కోయును. చిక్కుపడినచో కొత్తవాడు విడదీయజాలడు.

మూడవది ఫ్లోరోకార్బను దారము. ఇది నీరు పీల్చదు, త్వరగా మునుగును, ఒరపిడికి ఓర్చును. కాని బిరుసైనది, ఖరీదైనది. రీలునిండ చుట్టుటకు కొత్తవానికి తగదు.

కావున మొదటి రెండేండ్లు ఒంటిపోగు నైలానుతో నేర్చుకొనుటయే యుక్తము. చేయి తిరిగిన పిమ్మట ఎవనికి తోచిన దానిని వాడు వాడుకొనవచ్చును.

లావును గూర్చిన లెక్క

లావు దారము బలమైనదే, సందేహము లేదు. కాని దాని లెక్కను గ్రహింపవలెను. దారపు మందము రెండింతలైనచో బలము సుమారు నాలుగింతలగును. అది రీలులో ఆక్రమించు చోటును నాలుగింతలే యగును. 0.35 మిల్లీమీటర్ల దారము 200 మీటర్లు పట్టు రీలులో 0.70 దారము 50 మీటర్లే పట్టును. పెద్ద చేప తగిలి పరుగెత్తినచో ఆ 50 మీటర్లు క్షణములో అయిపోవును. అంతేగాక లావుదారము రీలునుండి తేలికగా జారదు, గాలికి ఎదురు నిలుచును. అందువలన గుండు దూరము పోదు. నీటిలో పడిన పిమ్మట అలయు ప్రవాహమును దానిని ఎక్కువగా నెట్టును. మేము చూచిన మొదటి యువకుని కష్టమునకు కారణమిదియే.

సాధారణముగా 0.30 మిల్లీమీటర్ల నైలాను అయిదారు కిలోలకును, 0.35 దారము ఏడెనిమిది కిలోలకును, 0.40 దారము తొమ్మిది పది కిలోలకును, 0.50 దారము పదునాలుగు కిలోలకును తెగును. తయారించిన వారినిబట్టి ఇందు కొంత భేదముండును. ఇసుక తీరమున నేర్చుకొనువానికి 0.35 చాలును. రాళ్లున్నచోట 0.40 మేలు. ఎనిమిది కిలోల దారముతో అంతకంటె బరువైన చేపను సైతము తేవచ్చును. ఏలయన రీలు దారమును కొద్దికొద్దిగా వదలుచుండగా చేప అలసిపోవును.

ముందుదారము

అట్లయిన రెండవ దారమెందులకు? సీసపు గుండు బరువు నూరు గ్రాములే కావచ్చును. కాని కర్రతో వేగముగా విసరునపుడు అది దారమును తన బరువునకు ఎన్నో రెట్లు లాగును. ఆ లాగుడును సన్నని దారము భరింపజాలదు. అందుచేత రీలులోని సన్నదారపు కొసకు లావుదారము కొంత ముడివేయుదురు. దీనిని అంగడివారు లీడరు అందురు, మనము ముందుదారమందము. విసరునప్పటి దెబ్బను భరించునది ఇదియే.

గుండు బరువు ప్రతి 28 గ్రాములకు ముందుదారమునకు సుమారు నాలుగున్నర కిలోల బలముండవలెనని గాలపువారు పాటించు లెక్క. ఈ లెక్కన నూరు గ్రాముల గుండునకు పదునారు కిలోల బలము కావలెను. 0.60 మిల్లీమీటర్ల దారము దీనికి సరిపోవును. దాని పొడవు కర్రకు రెండింతలుండి, పైన రీలుచుట్టు అయిదారు చుట్లు రావలెను. పండ్రెండడుగుల కర్రకు ఎనిమిది మీటర్లు చాలును.

గుండు తెగి ఎగిరినచో అది రాతి దెబ్బవంటిది. ముందుదారము కొనుటకు అగు ఖర్చు స్వల్పము. అది లేకుండ బరువైన గుండును విసరుట ఇతరుల ప్రాణములతో చెలగాటమాడుట.

కొనునపుడును వాడునపుడును

ఎండ పడుచోట వ్రేలాడదీసిన దారపు చుట్టను కొనరాదు. పైన మందమును, బలమును అచ్చువేయని దానిని కొనరాదు. రెండు మీటర్లు విప్పి వ్రేళ్ల నడుమ జారవిడిచి చూడవలెను. గరుకు గాని, నొక్కులు గాని తగిలినచో వదలివేయవలెను.

రీలునకు చుట్టునపుడు దారమును తడిగుడ్డతో పట్టి బిగువుగా చుట్టవలెను. రీలు అంచునకు రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా నింపవలెను. అంతకు తగ్గినచో దారము అంచునకు ఒరసికొని గుండు దూరము పోదు. మించినచో చుట్లు చుట్లుగా జారి చిక్కుపడును.

మామూలు ముడి నైలాను బలమును సగము వరకు తగ్గించును. గాలపు కంటిలో దూర్చిన కొసను అసలు దారముచుట్టు అయిదారు మార్లు మెలివేసి, కంటియొద్ద ఏర్పడిన చిన్న సందుగుండ వెనుకకు తెచ్చి, నీటితో తడిపి మెల్లగా బిగింపవలెను. తడుపకుండ బిగించినచో రాపిడివేడికి నైలాను చెడును.

రీలునందు దారము ఎంత లాగుడునకు జారవలెనో నిర్ణయించు బిగింపు మర యుండును. దారపు బలములో నాలుగవ వంతునకు దానిని సరిచేయవలెను. ఎనిమిది కిలోల దారమునకు రెండు కిలోలు. రెండు లీటర్ల సీసానిండ నీరు పోసి, రీలునుండి నేరుగా వచ్చు దారమునకు వ్రేలాడదీయుడు. అది మెల్లగా క్రిందికి దిగినచో బిగింపు సరిపోయినట్లే.

వేట ముగిసిన పిమ్మట దారమును మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టవలెను. గాలమువైపు రెండు మీటర్లు ప్రతిమారు కత్తిరించి క్రొత్తగా ముడివేయవలెను. సీసము విషలోహము గనుక గుండును పండ్లతో కొరుకరాదు. దానిని తాకిన చేతులు కడుగక అన్నము ముట్టరాదు.

తెగిన దారము – పంచాయతీ కర్తవ్యము

ఇంతవరకు చెప్పినది వేటగాని పని. ఇక మీదట చెప్పునది సభ్యుల పని. నైలాను కుళ్ళదని మెచ్చుకొంటిమి. ఆ గుణమే ఒడ్డున పారవేసిన దారమునకు దోషమగును. అది ఏండ్లతరబడి ఇసుకలో నుండి పశువుల కాళ్లకును, పక్షుల రెక్కలకును చుట్టుకొనును. దానితోనున్న గాలము పిల్లల పాదములలో దిగును. జనవరి మొదలు మార్చి వరకు మన తీరమునకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అవి రక్షింపబడిన జీవములు. వాని మెడకును, ఈతరెక్కలకును ఈ దారము ఉరియగును.

దీనికై పంచాయతీ చేయవలసినది పెద్ద వ్యయముతో కూడినది గాదు. పడవలు దిగుచోట మూతగల పెట్టె నొకదానిని నిలిపి, తెగిన దారమును అందు వేయుడని వ్రాయింపవచ్చును. నిండినపుడు ప్లాస్టిక్ చెత్తతో పాటు పంపవలెను; కాల్చినచో విషపుపొగ వచ్చును. స్నానఘట్టమునకును పిల్లలు ఆడుకొనుచోటికిని దూరముగా గాలము వేయుటకు స్థలము గుర్తింపవచ్చును. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి వంటి సముద్రస్నాన దినములలో జనము గుమిగూడుచోట గాలము వేయకుండ ముందే దండోరా వేయింపవచ్చును.

సభ్యులు చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున ఒడ్డునుండి గాలము వేయువారెందరు? వారిలో ముందుదారము వాడువారెందరు?

2. గాలము వేయుటకును, స్నానమునకును వేరువేరు స్థలములు మన తీరమున గలవా?

3. తెగిన దారమును సేకరించు పెట్టె ఎచట నుంచవలెను? దానిని ఎవరు చూచుకొనవలెను?

4. క్రొత్తగా నేర్చుకొను యువకులకు ముడులు నేర్పగల పెద్దలు మన ఊర నెవరు?

ఆనాడు మేము చూచిన యువకులు ఆ వృద్ధుని యొద్ద కూర్చుండి చీకటిపడువరకు ముడులు నేర్చుకొనిరి. అట్టి పెద్దలు ప్రతి తీరగ్రామమున నుందురు. వారి అనుభవమును పిల్లలకు అందునట్లు చేయుట సభ్యుల చేతిలో నున్నది. రానున్న పంచాయతీ సమావేశమున నాల్గవ ప్రశ్నను ముందుగా చర్చించినచో తక్కినవానికి సమాధానములు ఆ పెద్దల నోటనే దొరకును.