ఊరుమ్మడి గాలిదారి

కొబ్బరి వ్యాపారానికి పేరెన్నికగన్న అంబాజీపేట కోనసీమలో ఉంది. 1996 నవంబరు 6న వచ్చిన పెనుతుపానుకు ఈ సీమలో కొబ్బరిచెట్లతోపాటు విద్యుత్ స్తంభాలు, టెలిఫోను తీగలు నేలకొరిగాయి. తీగ తెగితే ఒక ఊరి గోడు పొరుగూరికి వినిపించదు. అటువంటి వేళ తీగతో పనిలేని రేడియో ఆసరా అవుతుంది.

2005లో భారత ప్రభుత్వం 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్‌ల వరకు గల 'సిటిజన్ బ్యాండ్'లో 5 వాట్లకు మించని సాధనాలను లైసెన్సు నుండి మినహాయించింది. ఈ సాధనాల పరిధి సాధారణంగా కొన్ని కిలోమీటర్లే. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. ఒకే ఛానెల్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. పలికిన ప్రతి మాటా ఆ ఛానెల్‌లో ఉన్న వారందరి చెవినీ పడుతుంది. రహస్యానికి అక్కడ చోటు లేదు.

లైసెన్సు లేని ఛానెల్ ఊరుమ్మడి రేవు వంటిది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఒకరి కాలక్షేపపు కబుర్లు, వరదనీటిలో చిక్కుకున్న మరొకరి పిలుపునకు అడ్డుగోడ కావచ్చు. కనుక మాట్లాడే ముందు వినడం, క్లుప్తంగా చెప్పడం, ఆపదలో ఉన్నవారికి దారి విడవడం అందరూ పాటించవలసిన మర్యాదలు. చట్టం అనుమతిపత్రం అడగకపోయినా, ఈ బాధ్యత నుండి ఎవరికీ మినహాయింపు లేదు.