వీలునామా చదివి ఆగిపోకు



మీ అత్తగారి పూర్వీకుల జాడ 1870 దగ్గర ఆగిపోయిందని, ఇక దారి లేదేమోనని రాశావు. అమెరికాలో నల్లవారి కుటుంబాలు చాలావరకు అక్కడే ఆగుతాయి. బానిసత్వం నుంచి బయటపడినవాళ్లలో అత్యధికుల పేర్లు జనాభా లెక్కల్లోకి మొదటిసారి ఎక్కింది ఆ ఏడాదే. 1850లోనూ 1860లోనూ బానిసలకు వేరే పట్టిక ఉండేది. అందులో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాసి వదిలేశారు. ఆ రాయని పేర్లు కోర్టు పుస్తకాల్లో ఉన్నాయి. చట్టం వాళ్లను ఆస్తి అంది; ఆస్తిని పంచాలన్నా, అప్పుకు అమ్మాలన్నా ఎవరు ఎవరో రాసుకోక తప్పలేదు. మనింట్లో తద్దినం నాడు మూడు తరాల పేర్లు పురోహితుడు పలికిస్తాడు. మీ అత్తగారికి ఆ మూడు పేర్లు కావాలంటే ఆ కోర్టు పుస్తకాలే తిరగేయాలి.

ముందు యజమాని ఎవరో తేల్చుకో. మీ అత్తగారి ఇంటిపేరొక్కటే పట్టుకుని పోకు. చాలామంది ఆఖరి యజమాని పేరు పెట్టుకోలేదు. మీవాళ్లది వర్జీనియా కనుక, 1866లో విముక్తుల కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో రాయించిన దంపతుల రిజిస్టర్లు చూడు. కొన్ని కౌంటీలవే మిగిలాయి. ఉన్నచోట భార్యాభర్తలు, పిల్లలు, వాళ్ల వయసులతో పాటు ఆఖరి యజమాని పేరు కూడా దొరుకుతుంది.

ఇక ఆ యజమాని ఇంట్లో జరిగిన చావులన్నీ వెతుకు. వాళ్ల వంశవృక్షం మనం గీయడమేమిటని మనసు ఎదురు తిరుగుతుంది. అయినా గియ్యి. అతను పోయినప్పుడో, అతని మామగారు పోయినప్పుడో మీవాళ్ల పేర్లు కాగితం మీదికి వచ్చాయి. వీలునామాలో ‘బానిసలందరూ నా భార్యకు’ అని ఒక్క ముక్కలో తేల్చేసి ఉండొచ్చు. దాని వెనక వచ్చే కాగితాలే ముఖ్యం. కోర్టు పంపిన మనుషులు ఇంటికొచ్చి మంచాలు, గుర్రాలు, మనుషులు అన్నిటినీ ఒకే జాబితాలో రాసి వెల కట్టేవారు. ఆ తర్వాత పంపకం కాగితం, అప్పులుంటే కొన్నవాళ్ల పేర్లతో వేలం లెక్క. వారసులు మైనర్లయితే సంరక్షకుడు కోర్టుకు చూపిన లెక్కలు ఉంటాయి: ఎవరిని ఆ ఏడు ఎవరికి అద్దెకిచ్చారు, బూట్లకెంత, మంత్రసానికెంత. మంత్రసాని ఖర్చు కనిపిస్తే తర్వాతి జాబితాలో కొత్త బిడ్డ పేరు ఉందేమో చూడు. తల్లి పేరు కింద పిల్లల పేర్లు వరసగా ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు. రెండు మూడు జాబితాలు పక్కపక్కన పెట్టి సరిచూసుకో. తండ్రి అక్కడ కనబడకపోతే పక్క యజమాని కాగితాల్లో వెతుకు.

అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్ సంగతే చూడు. 1826 జూలై 4న లక్ష డాలర్లకు మించిన అప్పుతో పోయాడు. వీలునామాలో ఐదుగురికి స్వేచ్ఛ ఇచ్చాడు. వాళ్లలో కమ్మరి జోసెఫ్ ఫాసెట్ ఒకడు. అతని భార్య ఈడిత్‌కు ఇవ్వలేదు, పిల్లలకూ ఇవ్వలేదు. 1827 జనవరిలో అతని ఎస్టేటు మాంటిచెల్లోలో 130 మందిని వేలానికి పెట్టినప్పుడు ఆ తల్లీ పిల్లలూ అందులో ఉన్నారు. వీలునామా ఒక్కటే చదివితే ఈ సంగతి తెలియదు. జెఫర్సన్ పిల్లల్ని కన్న శాలీ హెమింగ్స్‌కు ఆస్తుల జాబితాలో కట్టిన వెల 50 డాలర్లు. అది చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోతుంది.

వారసులు పంపకాల మీద కోర్టుకెక్కి ఉంటే, ఆ ఛాన్సరీ దావాల్లో ఇరుగుపొరుగు వాంగ్మూలాలు సైతం దొరుకుతాయి. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాటికి సూచిక తయారుచేసింది. స్వేచ్ఛ కోసం బానిసలు స్వయంగా వేసిన దావాలూ ఉన్నాయి. 1662 నాటి వర్జీనియా చట్టం ప్రకారం తల్లి బానిసైతే బిడ్డా బానిసే. అందువల్ల తల్లో అమ్మమ్మో స్వతంత్రురాలని నిరూపించడానికి ఆ ఫైళ్లలో ఆడవాళ్ల పేర్లు తరాల వెంట వస్తాయి. మిస్సోరిలో ఒక్క సెయింట్ లూయిస్ కోర్టులోనే అలాంటి దావాలు 300కు పైగా మిగిలాయి. డ్రెడ్ స్కాట్, ఆయన భార్య హారియెట్ 1846లో దావా వేసింది అక్కడే.

కొన్ని కౌంటీల పుస్తకాలు అంతర్యుద్ధంలో కాలిపోయాయి. మీది అందులో ఉంటే, యజమానికి భూములున్న పక్క కౌంటీలో అడుగు.

వెల రాసిన కాగితం దొరికినప్పుడు మీ అత్తగారికి చెప్పకుండా దాచకు. చూస్తారా అని అడుగు, ఆ నిర్ణయం ఆవిడది. ఆ జాబితాలోని మిగతా పేర్లూ రాసుకో. వాళ్ల కోసం వెతుకుతున్న మునిమనవలు ఎక్కడో ఉండి ఉంటారు.

ఆవిడ పెద్దవారయ్యారు. అమ్మమ్మ చెప్పగా విన్న పేర్లు, ఊళ్లు, చర్చి పేరు ఇంకా ఆవిడకే గుర్తున్నాయి. కోర్టుకు తర్వాత వెళ్లొచ్చు. ఈ శనివారం ఆవిడ దగ్గర కూర్చుని అవన్నీ రాసుకో, నాకూ ఒక నకలు పంపు.

మీ పెద్దమ్మ